వెనక నుంచి అందించేవాళ్ళు

ఆ ఆదివారం పొద్దున శంకరన్న మగ్గానికి బిగించే కొత్త అచ్చు ముందు కూర్చుని మూడోసారి భార్యను కేకేశాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ళలో తనంత చెయ్యి తిరిగినవాడు లేడని ఆయన నమ్మకం. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యి ఇంకా ఏడాది కాలేదు. తాను నేసిన చీరల కోసమే రాజధాని ఇంత దగ్గరికి వచ్చిందన్నట్టు మాట్లాడేవాడు.

గౌరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి గడప బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలలో పత్తి నూగు అంటుకుని ఉంది.

"యేసేపంటారన్నా నన్ను. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పని చేస్తాండాను. మీ తమ్ముడు ఆదెప్పకు ఈ సాయంత్రం ఆడ నాటకం డేరాలో సన్మానం చేస్తాండాము. మీరిద్దరూ రావల్ల."

శంకరన్న అతన్ని కూర్చోమనలేదు. అలాంటివాళ్ళను కూర్చోమనే అలవాటు ఆయనకు లేదు. గౌరమ్మ మాత్రం ఆదెప్ప పేరు వినగానే చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. వాడు ఆమెకు మరిది. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, కొత్త కోడలిగా వచ్చిన గౌరమ్మే వాడికి అన్నం కలిపి పెట్టి పెంచింది. మగ్గం వదిలి నాటకాల కంపెనీలో చేరాడని శంకరన్న నాలుగేళ్ళుగా వాణ్ణి గడప తొక్కనివ్వలేదు.

"ఏం వేషం కడతాడు వాడు? రాజా, మంత్రా?" అన్నాడు శంకరన్న, కొంచెం మెత్తబడి.

"వేషం లేదన్నా. తెరెనక నిలబడి మాట అందిస్తాడు. ఆడేటోళ్ళు మరిసిపోతే ఆదెప్పే గదా దిక్కు."

శంకరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంట. వీడు ఉట్టీ ఎక్కలేదు, స్వర్గమూ ఎక్కలేదు, నిచ్చెన పట్టుకొని నిలబడినాడు. దానికి సన్మానమా? రాజుకు దండెయ్యక, రాజు చెవిలో గొణిగేటోనికి వేస్తారా?"

"రాజుకు కుర్చీలోళ్ళు వేస్తానే ఉంటారు" అన్నాడు యేసేపు నెమ్మదిగా. "మేము నేల టిక్కెట్టోళ్ళం. తెరకు ఆనుకొని కూర్చుంటాము. కుర్చీలోళ్ళకు ప్రతి మాటా ఒగసారే ఇనపడతాది. మాకు రెండుసార్లు. ముందు ఆదెప్పది, ఆ తర్వాత రాజుది. మాకు ఆదెప్పదే బాగుంటాది. అందుకే మిల్లులోళ్ళమంతా అనుకొని తెరెనకోళ్ళకు చేస్తాండాము. తెర లాగే ముసలాయనకు, పెట్రోమాక్సు దీపాలకు గాలి కొట్టే తిక్కయ్యకు, ఆదెప్పకు."

"దీపాలకు గాలి కొట్టేటోనికి కూడా! బాగుంది."

యేసేపు ఇక ఆయనతో మాట్లాడలేదు. గౌరమ్మ వైపు తిరిగాడు. "అన్న రాడు, వదిననన్నా పిలుచుకొని రా అని పంపినాడమ్మా. రేపు కంపెనీ రాయచూరు పోతాంది. ఆడనుంచి యాడికో, మళ్ళీ ఈ పక్కకు ఎప్పుడొస్తుందో. నేను బస్సు కాడ ఉంటాను."

అతను వెళ్ళాక గౌరమ్మ అచ్చు వెనక కూర్చుంది. కొత్త పడుగు నేతకు రావాలంటే, రెండు వేల పైచిలుకు నిలువు పోగులను ఒక్కొక్కటిగా దువ్వెన పళ్ళలాంటి అచ్చు సందుల్లోంచి దూర్చాలి. ముందు కూర్చున్నవాడు కొక్కెం పెట్టి లాగుతాడు. వెనక కూర్చున్నవాళ్ళు వరస తప్పకుండా పోగు వెతికి కొక్కేనికి అందించాలి. ఇరవై రెండేళ్ళుగా ముందు శంకరన్న, వెనక గౌరమ్మ.

"ఒగసారి పోయొద్దామా?" అంది ఆమె అచ్చు అవతల నుంచి. "వాని మొగం చూసి నాలుగేండ్లాయె."

"నలుగురిలో నా పరువు తీస్తావా? మాట అందించేది కూడా ఒక పనేనా? ముందర నిలబడినోనిది పని. ఎనక నుంచి అందించేదానికి ఏం కావల్ల? చేతులుంటే చాలు. దానికి మనిషే అక్కరలేదు, కోతికి నేర్పించినా అందిస్తాది."

కొక్కెం ముందుకొచ్చింది. దాని మీదకి పోగు రాలేదు.

"ఏమైంది? అందియ్యి."

శంకరన్న తల వంచి పోగుల సందుల్లోంచి చూశాడు. గౌరమ్మ తన రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది.

"నేను ఇరవై రెండేండ్లుగా చేస్తాండేది ఏమప్పా?" అంది.

"నీ మాట ఎవరెత్తినారు?"

"నువ్వే ఎత్తినావు." ఆమె లేచింది. గొంతు పెంచలేదు. "కోతిని తెచ్చుకో. నేను ఆదోనికి పోతాండాను."

శంకరన్న నోరు తెరుచుకుని చూస్తూ ఉండగానే ఆమె ఉతికిన చీర కట్టుకుని, కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

పోతే పోనీ, అనుకున్నాడు శంకరన్న. ముందు నుంచి కొక్కెం దూర్చి, లేచి వెనక్కి వెళ్ళి, పోగు వెతికి కొక్కేనికి తగిలించి, మళ్ళీ ముందుకొచ్చి కూర్చునేసరికి కొక్కెం కింద పడి ఉంది. మళ్ళీ లేచాడు. నలభై పోగులకు మధ్యాహ్నమైంది. పక్కింటి అంజనమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏమన్నా, ముందరికీ ఎనక్కీ తిరుగుతాండావు? మగ్గానికి ప్రదక్షిణం మొక్కుకున్నావా?"

ఆయన మళ్ళీ అచ్చు మీదికి వంగాడు. అప్పుడే కనిపించింది, అయిదో పోగు స్థానంలో ఆరోది దూరింది. ఒక్క పోగు వరస తప్పితే ఆ తప్పు గీతలా చీర కొస దాకా నడుస్తుంది. మొత్తం పీకేసి మళ్ళీ మొదలుపెట్టాలి. గౌరమ్మ వెనక కూర్చున్న ఇన్నేళ్ళలో ఇలా పీకిన రోజు ఒక్కటి కూడా ఆయనకు గుర్తు రాలేదు. 'ఏ పోగు?' అని ఆమె ఒక్కసారీ అడగలేదు. 'శంకరన్న నేత' అని ఊరంతా అంటే మీసం దువ్వుకున్నాడే గాని, అందించింది ఎవరో చెప్పలేదు. ఆయనకు సిగ్గేసింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా తల వంచుకునేంత సిగ్గేసింది.

ఆయన ఆదోని చేరేసరికి పొద్దు వాలుతోంది. డేరాలో సన్మానం నడుస్తోంది. కుర్చీలవాళ్ళు ముందే వచ్చి వేళాకోళం మొదలుపెట్టారు. రాజు వేషగాడు సగం మీసం అంటించుకుని, "తొందరగా కానీండి, ఆట మొదలుపెట్టాల" అని విసుక్కున్నాడు. తనకు గాక ఇంకొకరికి దండ పడటం ఆ మహారాజు ఎన్నడూ చూసి ఉండడు. తిక్కయ్య దండ వేయించుకుని, మసిచేతులతో కళ్ళు తుడుచుకుని దిగిపోయాడు. శంకరన్న ఎవరికీ కనపడకుండా నేల మీద, ఆడవాళ్ళ వైపు కట్టిన తాడు పక్కన కూర్చున్నాడు. తాడుకవతల గౌరమ్మ వీపు కనిపిస్తోంది.

యేసేపు ఆదెప్పకు శాలువా కప్పి, "నాలుగు మాటలు సెప్పన్నా" అన్నాడు.

ఆదెప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంతకాలం తెర వెనక చీకట్లో నిలబడినవాడికి వెలుతురు కొత్త. కుర్చీల్లో ఎవరో ఇకిలించారు.

"అందరికీ అందించేటోనికే కరువొచ్చిందే. ఈయనకెవరు అందిస్తారబ్బా?"

డేరా సగం నవ్వింది. గౌరమ్మ కొంగు గుప్పిట్లో నలిపేస్తోంది. వాడు దిగిపోతాడు, ఇక ఏ ముఖంతోనూ ఇంటికి రాడు, అని ఆమెకు భయం పట్టుకుంది. ఆదెప్ప నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు ఆమె వీపు వెనక నుంచి సన్నగా ఒక గొంతు లేచింది.

"ఆరేండ్లప్పుడే మా అమ్మ పోయినాది..."

ఆదెప్ప ఆగిపోయాడు. ఆ గొంతు వాడికి తెలుసు. "ఆరేండ్లప్పుడే మా అమ్మ పోయినాది" అన్నాడు పైకి.

"నాకు అన్నం పెట్టింది మా వదిన గౌరమ్మ..."

"నాకు అన్నం పెట్టింది మా వదిన గౌరమ్మ."

"మా అన్న నేసినానని సెప్పుకునే ప్రతి చీరలో ప్రతి పోగూ ఎనక కూర్చొని ఆమె అందించిందే..."

ఆదెప్ప అది అనబోయాడు. మాట సగంలో తెగింది. వెనక గొంతు తొందరపడలేదు. అదే మాట మళ్ళీ మొదటి నుంచి అందించింది. ఈసారి ఆదెప్ప పూర్తిగా చెప్పాడు. కుర్చీలవాళ్ళకు అది ఒకసారే వినిపించింది. నేల మీద కూర్చున్న గౌరమ్మకు రెండుసార్లు వినిపించింది. ముందు భర్తది, తర్వాత ఆదెప్పది.

ఆమె కళ్ళు తుడుచుకుంది గాని, వెనక్కి తిరగలేదు.

"రేపు వాడు రాయచూరు పోయే ముందు ఇంటికి పిలుచుకొని పోదాం" అన్నాడు శంకరన్న తాడు ఇవతల నుంచి. "అచ్చు కాడ ఇంగ నువ్వు ముందర కూర్చో. నేను ఎనక నుంచి అందిస్తా."

గౌరమ్మ అప్పుడు తిరిగి, ఆయన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"నీతో కాదులే" అంది. "వరస తప్పిస్తావు."