ఆపకూడని మెషిన్

మా తమ్ముడికి పాత కంప్యూటర్ల పిచ్చి. మూతపడిన ఏదో ఆఫీసు తుక్కులోంచి ఆ డబ్బా మోసుకొచ్చిన రోజే చెప్పాను, ఈ దరిద్రం నా ఇంట్లో వద్దని. వింటేనా! నల్లటి గాజు మీద పచ్చ అక్షరాలు. చిన్నప్పుడు మేమిద్దరం నేర్చుకున్న సాఫ్ట్‌వేరేనట. ఇప్పటివాటికి ఊరికే తొందరని, ఇదైతే మనం టైపు చేసేదాకా ఓపిగ్గా కూర్చుంటుందని మురిసిపోయాడు.

ఒకసారి వేస్తే ఆపకూడదట. ఆపితే మళ్ళీ లేవదట. అందుకని పగలూ రాత్రీ గుయ్‌మంటూనే ఉండేది. గదంతా కాలిన దుమ్ము వాసన. గాజులో కూర్చున్న మనిషి ఆకారంలో ఓ మరక ఉండేది. అదేమిట్రా అంటే, ఏళ్ళతరబడి ఒకటే వెలిగితే తెరలో అచ్చు పడిపోతుందిలే అని కొట్టిపారేశాడు. నాకు ఒళ్ళు మండింది. అక్షరాలు అచ్చు పడతాయి సరే, మనిషెలా పడతాడు?

కొన్నాళ్ళకే వాడు సగమయ్యాడు. తిండి లేదు, నిద్ర లేదు. పిలిస్తే ఊఁ అని కూడా అనడు. వేళ్ళు మాత్రం టకటకా ఆడుతుంటాయి. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. నాకున్నది వాడొక్కడే.

నిన్న మధ్యాహ్నం ముసురు పట్టింది. గదిలోకి వెళ్ళేసరికి తెరమీద అక్షరాల్లేవు. మరకా లేదు... ఆ చోట తమ్ముడి ముఖం, పచ్చగా. గాజులో పడ్డ వాడి ప్రతిబింబమేమో అనుకున్నాను. కానీ కుర్చీలో వాడు తల వంచుకుని ఉన్నాడు. గాజులోవాడు నన్నే చూస్తున్నాడు...

"లేరా," అన్నాను. లేవలేదు. దీని అంతు చూస్తానని ప్లగ్గు పీకేశాను.

మోత ఆగిపోయింది. తమ్ముడు బుద్ధిగా లేచి వంటింట్లోకి నడిచాడు. కంచం నిండా పెట్టాను. ఆవురావురుమని తింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పీడ విరగడైందనుకుని, ఆ డబ్బాని బయట పారేద్దామని గదిలోకి వెళ్ళాను.

తెర నల్లగా ఉంది. ఆ నలుపులో తమ్ముడు ఇంకా ఉన్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. చప్పుడు లేదు. అరచేతులతో లోపల్నించి బాదుతున్నాడు... గాజుమీద చెయ్యి వేస్తే ఆ అదురు నాకు తెలుస్తోంది.

ప్లగ్గు పెట్టాను. వెలగలేదు. పీకి మళ్ళీ పెట్టాను... లేదు. వాడి ముఖం మసకబారిపోతోంది.

వెనక గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడ్డాడు, తమ్ముడి చొక్కాలో.

"ఆకలి తీరలేదు అక్కా," అన్నాడు మెల్లగా. "ఇంకా పెట్టు."