బ్రేకు పట్టని బండి

"పాపా, మీ నాయనకు టీ ఇచ్చి రాపో. బండి కాడ ఉండాడు" అంది ఉమాదేవి, వాకిట్లో కల్లాపి చల్లుతూ.

మల్లిక గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. పెనుకొండ కొండ మీద ఇంకా మంచు కమ్ముకునే ఉంది. కుమారస్వామి అప్పటికే బండెక్కి కూర్చున్నాడు. తాళం తిప్పకముందే బ్రేకు మీద కాలు పెట్టి తొక్కుతున్నాడు. వదిలి మళ్లీ తొక్కుతున్నాడు. కూతుర్ని చూడగానే కాలు తీసేశాడు.

"ఏం నాయనా, బ్రేకు పట్టడం లేదా?"

"పడతాది లే. చలికి అట్ల చేస్తాది. నువ్వు పో, బస్సొచ్చే టైమాయె."

చలి పోయిన నెలలో కదా మొదలైంది, ఈ తొక్కుడు వానల్నుంచే వింటున్నాను అనుకుంది మల్లిక. 

పదిహేడేళ్ల జీపు అది. పొద్దున్నే కూలికి పోయే ఆడవాళ్లను టమోటా తోటల దగ్గర దింపుతుంది. పగలు బాడుగలకు తిరుగుతుంది. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే పట్టుచీరలు కొనేవాళ్లను ధర్మవరం తీసుకుపోతుంది. ఆ బండి సంపాదనతోనే కుమారస్వామి ఇల్లు కట్టాడు, కూతుర్ని చదివించాడు. చుట్టుపక్కల పల్లెల్లో అతని పేరు చెబితే తెలియనివాళ్లు ఉన్నారేమో గానీ, జీపు కుమారస్వామి అంటే తెలియనివాళ్లు లేరు.

కొత్త బండి కొనాలని అతను చాలా ఏళ్లుగా చూస్తున్నాడు. అంతో ఇంతో కూడబెట్టుకుని హిందూపురం షోరూముకు పోయేసరికి ధర ఇంకో మెట్టెక్కి కూర్చునేది. ఉసూరుమంటూ తిరిగొచ్చి మళ్లీ కూడబెట్టేవాడు. అది మళ్లీ ఎక్కేది. మొదటిసారి అడిగినప్పుడు తొమ్మిది లక్షలన్న బండి, ఇప్పుడు రోడ్డు మీదికి రావాలంటే పదిహేను దాటిపోయింది. పోనీ జనాన్ని మానేసి టమోటాలు మోసే చిన్న ట్రక్కు కొందామంటే దాని ధరా అట్లాగే మండిపోతోంది. ఎండమావి వెంట పడ్డట్టుంది వ్యవహారం.

టీ తాగి గ్లాసు చేతికిస్తూ కుమారస్వామి, "ఆదివారం ఏం పనులు పెట్టుకోవాకు. హిందూపురం పోదాం" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"కొత్త బండికి. నీ జీతం కాయితాలు ఎత్తి పెట్టుకో. నా వయసుకు, ఈ బాడుగ దుడ్లకు ఏ బ్యాంకోడూ లోను ఇయ్యడంట. కంపెనీలో పర్మనెంటు జీతం వచ్చే బిడ్డ ఉందని చెప్తే, ఆయమ్మ పేరు మీద చేస్తామన్నారు. ఏడేండ్లు కట్టల్ల. కట్టేది నేనే, నువ్వు ఊరికే సంతకం పెడితే చాలు."

బండి దగ్గుకుంటూ కదిలి సందు మలుపు తిరిగింది. మల్లిక ఖాళీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయింది.

ఆమె పనిచేసేది ఎర్రమంచి దగ్గర కార్ల సీట్లు కుట్టే కంపెనీలో. రోజంతా కొత్త కొత్త పెద్ద కార్లకు సీటు కవర్లు కుడుతుంది. కానీ అది పర్మనెంటు ఉద్యోగం కాదు. కాంట్రాక్టరు కింద పని. ఏడాదికోసారి, మార్చిలో, ఉంచేదీ తీసేదీ చెబుతారు. ఆమె పక్కన కుట్టే ఇద్దరమ్మాయిలను పోయిన మార్చిలో రావద్దనేశారు. చేరిన రోజున కుమారస్వామి ఊరంతా తిరిగి "మా పాపకు కంపెనీలో పర్మనెంటు" అని చెప్పుకున్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి, కాదు నాయనా అనడానికి మల్లికకు నోరు రాలేదు. తర్వాత చెబుదామనుకుంది. చెప్పలేకపోయింది. ఇప్పుడు ఏడేళ్ల లోను మీద సంతకం పెట్టాలి.

ఆరోజు సూది రెండుసార్లు దారి తప్పింది. సూపర్‌వైజరు ఒకసారి వచ్చి చూసి పోయాడు. 

సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి రోడ్డు పక్కన కదిరమ్మ కూర్చుని ఉంది. వాళ్ల పక్కింటామె, రోజూ జీపులో కూలికి పోయే మనిషి. మల్లికను చూసి లేచి, కొంగు సర్దుకుని దగ్గరికొచ్చింది.

"ఇంట్లో చెప్పొద్దన్నాడు మీ నాయన. చెప్పకుండా ఉండలేక ఈడ కూర్చున్నా."

"ఏమైందక్కా?"

"నిన్న తోట కాడ మలుపులో బండి నిలబడలేదమ్మా. తొక్కుతాండాడు, తొక్కుతాండాడు, అది పోతానే ఉండాది. ఎదురుగా బావి. పక్కన ఇసుక కుప్ప ఉంటే దాని మీదికి ఎక్కించినాడు కాబట్టి మేమందరం ఇండ్లు చేరినాం." కదిరమ్మ తన అరచేతులు చూసుకుంది. "రేపు మళ్లా ఆ బండే ఎక్కల్ల. పని ఉండాది, పోయేదానికి ఇంకో బండి లేదు. నా చిన్నది ఇంకా బడికి పోతాంది మల్లికా."

మల్లిక ఇల్లు చేరేసరికి కుమారస్వామి సంగటి ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె బ్యాగు కూడా దించలేదు.

"నిన్న బావి కాడ ఏం జరిగింది నాయనా?"

కుమారస్వామి ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఉమాదేవి పప్పు గిన్నె పట్టుకుని ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఏ బావి? ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురు చెప్తే ఏం? బ్రేకు పడలేదంట కదా."

"మెకానిక్ తావ చూపించినా. ఆయిలు పోసినాడు. బాగుండాది ఇప్పుడు."

"ఆయిలు పోస్తే బాగయ్యేదయితే పొద్దున అన్నిసార్లు ఎందుకు తొక్కినావు?"

ఉమాదేవి గిన్నె కింద పెట్టింది.  "నాకెందుకు చెప్పలేదు? రోజూ నీ బండి సప్పుడు వినేదాకా నేను తలుపు మూయను. ఎందుకని ఎప్పుడన్నా అడిగినావా?"

"చెప్తే ఏం చేస్తావు? బండి కొనిపెడతావా?"

"కొనిపెట్టలేను. మానేయమంటా. హిందూపురంలో శ్రీరాములుకు మూడు బండ్లు ఉండాయి. డ్రైవర్లు దొరక్క అల్లాడతాండాడంట. ఆయప్ప తావ చేరితే ఏం?"

కుమారస్వామి కంచం పక్కకు తోసేశాడు. "ఎవురు? శ్రీరాములా? నా తావ క్లీనరుగా చేసినోడు వాడు. స్టీరింగు పట్టుకునేది నేను నేర్పించినా వానికి. ఇప్పుడు పోయి వాని గేటు ముందర చేతులు కట్టుకుని నిలబడల్లనా?"

 ఉమాదేవి కూతురి వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"సంతకం పెట్టమ్మా. నేనెప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు. కొత్త బండి వస్తే నేను నిద్రపోతా."

చెప్పేయాలనుకుంది మల్లిక.  తాను కాదంటే ఆ జీపు రేపు పొద్దున మళ్లీ కదులుతుంది, ఆ మలుపు దగ్గర ఈసారి ఇసుక కుప్ప ఉండకపోవచ్చు. సరేనంటే, మార్చిలో పని పోయిన రోజు లోను వసూలుకు బ్యాంకువాళ్లు వచ్చి ఈ ఇంటి ముందు నిలబడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు.

"పెడతాలేమ్మా" అంది.

ఆదివారం ముగ్గురూ జీపులోనే బయల్దేరారు. బస్సులో పోదామని మల్లిక ఎంత చెప్పినా కుమారస్వామి వినలేదు. పాత బండి చూపిస్తే ఎక్స్చేంజి కింద ఎంతో కొంత తగ్గిస్తారన్నాడు. నిమ్మళంగానే నడిపాడు. సోమందేపల్లి దాటారు. ఉమాదేవి ముందు సీట్లో తాళిబొట్టు పట్టుకుని కూర్చుంది.

అక్కడ రోడ్డు పల్లంలోకి దిగుతుంది. దిగేచోట కల్వర్టు మీద గొర్రెల మంద అడ్డం పడి ఉంది. మంద వెనకాల భుజాన కర్ర వేసుకున్న కాపరి.

కుమారస్వామి బ్రేకు తొక్కాడు. పెడల్ అడుగుదాకా దిగిపోయింది. వెనక కూర్చున్న మల్లికకు ఆ కాలు కనిపిస్తూనే ఉంది. మళ్లీ తొక్కాడు. బండి వేగం అందుకుంటూనే ఉంది. గేరు కిందికి లాగితే పళ్లు కొరికినట్టు శబ్దం వచ్చింది తప్ప పడలేదు. హ్యాండు బ్రేకు ఊరికే చేతిలోకి లేచి వచ్చింది. హారన్ కొట్టాడు. గొర్రెలు బెదిరి ఇంకా దగ్గరికి ముడుచుకున్నాయి. కాపరి వెనక్కి తిరిగి, తప్పుకోవాలో మందను తోలాలో తెలియక అట్లాగే నిలబడిపోయాడు.

"అమ్మను పట్టుకో పాపా" అన్నాడు కుమారస్వామి. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతు.

మల్లిక సీటు మీదుగా తల్లిని వెనక నుంచి రెండు చేతులా అదుముకుంది. స్టీరింగు తిరిగింది. రోడ్డు పోయింది, ఆకాశం ఒక పక్కకు ఒరిగింది. కంపచెట్లు అద్దానికి గీరుకున్నాయి. బండి దున్నిన చేనులో పడి, ఎగిరి, దుమ్ములో దున్నపోతులా కూరుకుపోయి ఆగింది.

 కాపరి పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏమప్పా, దెబ్బలు తగిలినాయా?"

ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. ఉమాదేవి నుదురు కొంచెం గీరుకుంది, అంతే. కుమారస్వామి మాత్రం కదల్లేదు. స్టీరింగు పట్టుకున్న వేళ్లు తెల్లబడి బిగుసుకుపోయాయి. దిగమంటే తల ఊపుతాడు గానీ చేతులు రావు. ఉమాదేవి కిందికి దిగి, అటువైపు తలుపు తెరిచి, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది. చంటిపిల్లాడి గుప్పిట విప్పినట్టు విప్పింది.

"రోజూ భయమే ఉమా" అన్నాడతను. "ఆ ఆడోళ్లు నవ్వుకుంటా ఎక్కుతాంటే నాకు చెమటలు పడతాయి. వాళ్ల బిడ్డలు గుర్తొస్తారు. అయినా తోలుతాండా."

మల్లిక అతని చెయ్యి పట్టుకుంది. "పద నాయనా. బస్సెక్కి షోరూముకు పోదాం. ఈపొద్దే సంతకం పెడతా."

షోరూములో చల్లగా ఉంది. అద్దాల్లాంటి నేల మీద పెద్ద పెద్ద బండ్లు నిలబడి ఉన్నాయి. ముగ్గురి బట్టలకూ చేని దుమ్ము. అయినా ఆ సేల్స్ అబ్బాయి మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నెమ్మదిగా చెప్పాడు. పోయిన వారం చెప్పిన ధర లేదట. కంపెనీ మళ్లీ పెంచిందట. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిపితే నెలకు కట్టేది ఇంకొంచెం పెరుగుతుందట.

 కాగితాలు మల్లిక ముందుకొచ్చాయి. పెన్ను తీసుకుంది. 

"మీది పర్మనెంటే కదా మేడం?" అడిగాడా అబ్బాయి, రాసుకుంటూ.

మల్లిక తండ్రి వైపు చూసింది. ఆయన అవునన్నట్టు అప్పటికే తల ఊపుతున్నాడు. గంట కిందట చేనులో చూసిన ఆ తెల్లబడిన వేళ్లు గుర్తొచ్చాయి. ఇంక దాచలేకపోయింది.

"కాదు" అంది. "కాంట్రాక్టు. మార్చి దాకానే. తర్వాత ఉంచుతారో లేదో తెలీదు."

ఉమాదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుమారస్వామి కూతురి వైపు తిరిగాడు. కోప్పడతాడనుకుంది మల్లిక. అతని గొంతు మాత్రం నెమ్మదిగా వచ్చింది.

"ఎందుకు చెప్పలేదు పాపా?"

"నువ్వు భయపడతావని నాయనా."

 బ్రేకు సంగతి తానెందుకు దాచాడో అతనికి తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే కంచాల ముందు కూర్చుని, ఒకరికొకరు తెలియకుండా ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకే పని చేశారు. కుమారస్వామి చెయ్యి చాచి కూతురి వేళ్లలోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమీ అనుకోవాకప్పా. మాకు వద్దు" అన్నాడు ఆ అబ్బాయితో. తర్వాత వీళ్ల వైపు తిరిగి, "లేయండి, పోదాం" అన్నాడు.

బయట ఎండలో నిలబడి ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు చూశాడు. తర్వాత ముందు నడిచాడు. ఆ దారి శ్రీరాములు షెడ్డుకని ఉమాదేవికి తెలుసు. ఆమె కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

శ్రీరాములు షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఫోను మాట్లాడుతున్నాడు. కుమారస్వామిని చూడగానే ఫోను పెట్టేసి చటుక్కున లేచి నిలబడ్డాడు. "రా అన్నా, కూర్చో" అని తన కుర్చీనే జరిపాడు.

"నువ్వు కూర్చో శ్రీరాములూ. పని కోసం వచ్చినా. డ్రైవరు కావాలంటాండావంట."

శ్రీరాములు ముఖం పాలిపోయింది. "కావాల. కానీ నువ్వు వద్దు, అన్నా. నీకు నేను పనెట్ల చెప్పేది? నాకు నోరు రాదు."

"రాకపోతే ఎట్ల? చెప్పకపోతే పనెట్ల చేస్తా?" కుమారస్వామి నవ్వబోయాడు గానీ అది నవ్వులా రాలేదు. "ఈపొద్దు నా పెండ్లాన్ని, బిడ్డను పెట్టుకుని చేనులోకి దూకించినా. ఇంక ఆ బండి తోలను. చేతకాక అడుగుతాండా అనుకో. అయినా అడుగుతాండా."

శ్రీరాములు తల వంచుకున్నాడు. నేల చూస్తూనే అన్నాడు, "బుధవారం పొద్దున బెంగళూరు ట్రిప్పు ఉండాది. నాలుగుకు రావల్ల."

"వస్తా."

మల్లిక పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. తండ్రి తలవంచడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ తల ఎవరి కోసం వంగిందో అర్థమయ్యాక, అంత ఎత్తున ఉండడమూ ఎప్పుడూ చూడలేదనిపించింది.

చేనులో ఉన్న బండిని అట్లాగే పాత సామాన్లవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు కుమారస్వామి. కదిరమ్మ వాళ్లు తోటలకు ఎట్లా పోవాలో తోట యజమానినే అడుగుదామన్నాడు. అవన్నీ రేపటి చిక్కులు. పెనుకొండ బస్సులో రెండే సీట్లు దొరికాయి. తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి అతను రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలిన కాసేపటికే ఉమాదేవి కూతురి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

కుమారస్వామి కొంచెం వంగి అడిగాడు. "మార్చిలో నిన్ను తీసేస్తేనో?"

"తీసేస్తే చూసుకుందాం లే నాయనా."

"భయంగా ఉంటే చెప్పు. దాచుకోవాకు."

"చెప్తా" అంది మల్లిక. "నువ్వూ చెప్పు."

సరేనన్నట్టు తల ఊపాడు. ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"బుధవారమంటే భయంగానే ఉండాది పాపా."

మల్లిక పైకి చెయ్యి చాచి, రాడ్డు మీదున్న ఆ చేతిని పట్టుకుంది. ఊరొచ్చేదాకా వదల్లేదు.