మూడు ముక్కల ఉత్తరం

మిట్టమధ్యాహ్నం... అయినా గాఢాంధకారం! ఆకాశాన్ని చీల్చుతూ పిడుగుల ఫెళఫెళారావం! పట్టపగలే కిటికీ మీద వాలిన గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది...

పక్కగదిలో మంచానికి కట్టేసిన చెల్లెలు వికటాట్టహాసం చేసింది. నిన్న అత్తవారింటి నుంచి ఒంటరిగా నడిచొచ్చి అక్క గుమ్మంలో కూలిపోయింది. ఆ కంఠం ఆమెది కాదు... ఎవరో వృద్ధురాలిది!

అక్క కంప్యూటర్ మీటలు టకటకా నొక్కుతోంది. ఆఫీసులో తెరుచుకోని ఫైళ్లు తెరిచిపెట్టడమే ఆమె ఉద్యోగం. చెల్లెలు పంపిన అటాచ్‌మెంట్ మాత్రం మూడు నెలలుగా అలాగే పడి ఉంది. చెల్లెలి మొగుడింట్లోది వేరే రకం కంప్యూటర్. అక్కడి ఫైలు ఇక్కడ తలాతోకా లేని అక్షరాల గుంపు! తీరిగ్గా చూద్దాంలే అనుకుంది పాపిష్టిది. ఫోన్లో చెల్లెలు పలక్కపోతే అలిగిందనుకుంది...

ఇప్పుడు తెరిచి చూస్తే, ఫైలు మూడు ఈమెయిళ్లుగా ముక్కలై వచ్చింది. మధ్యలో చేరిన చిరునామాలు, తేదీలు తీసేసి, ముక్కలు అతికించి డీకోడ్ చేసింది. తప్పు! వరుస తారుమారైంది.

తలుపు దడదడలాడింది!

"వదినా! నా పెళ్లాన్ని పంపు! పూజ మధ్యలో లేచొచ్చేసింది. పంపకపోతే ఇద్దరి నెత్తురూ కళ్లజూస్తా!"

గడియ విరిగింది. మాంత్రికుడైన మరిది! చేతిలో రక్తవర్ణపు కపాలం!

ఆమె వరుస మార్చింది. తెరమీద అదే కపాలం... నుదుట చెక్కిన పేరు! కింద చెల్లెలి రాత:

"అక్కా, ఇది మా అత్తయ్య పుర్రె. కన్నతల్లినే చంపి, ఆవిడ ఆత్మని నాలోకి పంపుతున్నాడు. ఈ పేరు పైకి చదివితే ఆవిడకి విడుదల. నా నాలుక కట్టేశాడు. నువ్వు చదువక్కా. తొందరగా."

"చదవకు!" మాంత్రికుడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

అక్క ఆ పేరు గొంతు చించుకుని చదివింది!

భూమి దద్దరిల్లింది... చెల్లెలి నోటినుంచి ధూమ్రచ్ఛాయ వెలువడి కపాలంలో దూరింది. శూన్యనేత్రాల్లో అగ్నిజ్వాలలు!

"నిన్ను మోసి కన్నానురా..."

"అమ్మా! తప్పయిపోయింది! వదిలెయ్యమ్మా!"

కపాలం అతడి కంఠాన్ని కరిచిపట్టింది. దేహం భగ్గుమంది... మిగిలింది గుప్పెడు బూడిద!

వాన వెలిసింది. చెల్లెలు కళ్లు తెరిచింది.

"బంగారం, ఒక్కమాట మాట్లాడవే!" కట్లు విప్పుతూ అక్క బతిమాలింది.

పెదవులు కదిలాయి... శబ్దం లేదు. అన్నాళ్లు బంధించిన నాలుక ఇక లేవలేదు.

చెల్లెలు కాగితం అందుకుని రాసింది.

"రోజూ ఎదురుచూశాను."

రాసి, గోడవైపు తిరిగిపోయింది.