అన్న అని మాత్రం చెప్పను

“అంబికకు అన్నలాంటివాడినని ఒక్క మాట చెప్పు దేవా, చాలు,” అంది ఆమె లాయరు కమలాక్షి.

“ఇంకేమైనా చెప్తానమ్మా. ఆ మాట మాత్రం నా నోట రాదు.”

వేలూరు కోర్టు వరండాకు అవతల వాన, ఇవతల అంబిక. రెండూ ఒకేసారి విరుచుకుపడ్డాయి.

“నా బిడ్డ నా దగ్గరికి రావల్ల మేస్త్రీ! ఒక్క మాటంటే నీ నోరు అరిగిపోతాదా?”

మూడేళ్ళ క్రితం విడాకులప్పుడు అంబిక కట్టడం పనులకు ఊరూరా తిరుగుతుండేది. స్థిరమైన ఇల్లు లేదని కోర్టు కూతురు వళ్ళిని తండ్రి సురేంద్రన్‌కు అప్పగించింది. ఇప్పుడా సురేంద్రన్, విదేశీ కంపెనీ బెంగళూరులో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో చేరి, పాపను హాస్టల్లో పడేశాడు. అంబికేమో గుడియాత్తంలో ఇల్లు అద్దెకు తీసుకుని, లుంగీ మగ్గాలకు నూలు చుడుతూ కుదురుగా ఉంది. పాత ఆర్డరు మార్చమని కేసు వేసింది. ఆ ఇంటికి ఒక మగవాడు వచ్చిపోతున్నాడన్నది అవతలివాళ్ళ వాదన.

ఆ మగవాడు మన కావేరిపాక్కం దేవా. నిరుడు ఆ ఇంటి కప్పు బాగుచేశాడు. మొదటి వానకే కారితే, అంబిక తిట్టిన తిట్లకు అదే వానలో నిచ్చెనెక్కాడు. ఆ తర్వాత కప్పు కారలేదు గానీ, చూసిపోవడం మాత్రం మానలేదు మహానుభావుడు!

“నలుగురి ముందర అన్న అని చెప్పేస్తే అంతే కదా?” అన్నాడు దేవా. “మనోళ్ళలో వరసంటే వరసే. రేపు పెళ్ళెట్లా చేస్తారు?”

“పెళ్ళా? నిన్నెవరు అడిగినారప్పా?”

“నేనే ఇంకా అడగలే. అందుకే దారి మూసుకోను.”

అంబిక చెంపలు ఎర్రబడ్డాయి. కోపంతోనే అనుకుందాం.

దేవా బోనెక్కగానే అవతలి లాయరు నవ్వుతూ అడిగాడు. “ఆమె నీకేమవుతుంది?”

కమలాక్షి కళ్ళు మూసుకుంది.

“ఇప్పటికేమీ కాదు సార్. చేసుకోవాలని నాకు ఆశ ఉండాది. ఆమెకు కూడా ఇప్పుడే బయట తెలిసింది. పాప వద్దంటే అడగనే అడగను. నా వల్ల పాప రాకుండా పోతాదంటే గుడియాత్తం బస్సే ఎక్కను. రాసుకోండి.”

కోర్టంతా గొల్లుమంది. జడ్జి నవ్వలేదు. ఎనిమిదేళ్ళ వళ్ళిని తన గదిలోకి పిలిపించుకుని చాలాసేపు మాట్లాడాడు.

మధ్యాహ్నానికి ఆర్డరు మారింది. దాచకుండా చెప్పినవాడి గురించి తనకు బెంగ లేదనీ, హాస్టల్లో ఏడుస్తున్న పాప గురించే బెంగ అనీ అన్నాడు జడ్జి. వళ్ళి ఇక తల్లి దగ్గరే. ఆదివారాలు తండ్రి వచ్చి తీసుకెళ్ళవచ్చు. పాప ఖర్చులకు నెలనెలా ఇవ్వాలి.

“ఆయన డబ్బులు నాకొద్దు,” అంది అంబిక.

“నీకెవరిచ్చినారు? అది నీ బిడ్డ హక్కు,” అని కసిరింది కమలాక్షి.

బయట వాన వెలిసింది. వళ్ళి తల్లి చెయ్యి వదలకుండానే దేవాను ఎగాదిగా చూసింది.

“మా నాయనతో కొట్లాడతావా?”

“లేదు తల్లీ.”

“అమ్మ పక్కన నేనే పండుకుంటా.”

“నువ్వే పండుకో.”

వళ్ళి కాసేపు ఆలోచించి, అమ్మకేసి చూసి తలూపింది.

అంబిక కళ్ళు తుడుచుకుంది. “ఒక ఏడాది నేనూ నా బిడ్డే ఉంటాం. మూడేళ్ళ ముద్దూ మురిపెం తీర్చుకోవల్ల నేను. ఎవురేమనుకున్నా సరే. ఆగతావా?”

“ఆగతా. అంతవరకూ ఆ పక్కకే రాను.” దేవా గిరుక్కున వెనక్కి తిరిగి కోర్టు మెట్లు దిగిపోయాడు.

“ఏయ్! రావొద్దని ఎవురు చెప్పినారు?” అంబిక గొంతు మెట్లన్నీ దిగి వచ్చింది. “ఆదివారం వాళ్ళ నాయనది. నువ్వు శనివారం రా.”