తొలిమజిలీలో పదకొండు నిమిషాలు

నూకరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను చూడని నిమిషంలో చంటిదాని ఊపిరి ఆగిపోతుందని.

పిల్లకి ఐదో నెల. నిద్రలో దాని పొట్ట లేచి దిగుతోందా లేదా అని చూసుకోవడంతోనే ఆ ఐదు నెలలూ గడిచాయి. 2091లో ఊపిరిపట్టీలు ప్రతి మందులషాపులోనూ దొరుకుతున్నాయి. ఒకటి బిడ్డ కాలికి కడతారు. రెండోది తల్లి మణికట్టుకి. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా తల్లి చేతి మీద సన్నగా తడుతుంది. తల్లికి నిశ్చింత అని చెప్పి అమ్మారు. నిశ్చింత సంగతి అటుంచి, నూకరత్నం బస్సులో ఉన్నా, పనిలో ఉన్నా, ముద్ద నోట్లో పెట్టుకుంటున్నా ఆ తట్టు కోసమే కాచుకుని ఉంటోంది. తట్టడం కాస్త ఆలస్యమైతే ముద్ద గొంతులోనే ఆగిపోతుంది.

ఆమె పనిచేసేది భీమిలి ఒడ్డున ఉన్న సాక్షి భవనంలో. పేరున్న సంఘటనలని కళ్ళారా చూసినవాళ్ళు అక్కడికి వచ్చి, తాము చూసింది యంత్రానికి అప్పజెప్పి వెళతారు. ఆ యంత్రం ఆపరేటరు నూకరత్నం. బిడ్డని కింది అంతస్తులో పిల్లల గదిలో పడుకోబెట్టి పైకి వస్తుంది.

యంత్రం పని కష్టమైందే గాని అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనిషి ఒక సంగతిని గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని బయటికి తీసి, మళ్ళీ కొత్తగా రాసి లోపల పెడుతుంది. రాసినప్పుడల్లా ఏదో కాస్త చేరుతుంది. ఎవరో చెప్పింది, పేపర్లో చదివింది, ఇలా జరిగి ఉంటే బాగుండునని అనుకున్నది. ఏటేటా గోడకి సున్నం వేసినట్టు పొర మీద పొర. కాని కంటి నుంచి వెళ్ళిన మొదటి పొర చెరిగిపోదనీ, మెదడులో చూపు చేరే విజువల్ కార్టెక్స్ అడుగున సన్నగా మిగిలే ఉంటుందనీ డాక్టర్ సన్యాసిరావు గారు కనిపెట్టారు. దానికి 'చూపుజాడ' అని పేరు పెట్టారు. తల మీద టోపీలాంటి స్కానర్ పెడితే, కన్ను చూసింది తెర మీద నీలంగా వస్తుంది, తర్వాత చేరింది పసుపుగా వస్తుంది. మనిషి పట్టించుకోకపోయినా కంటి చివర పడింది కూడా నీలంలోనే ఉంటుంది.

యంత్రం వచ్చాక చాలామంది పరువు పోయింది. సముద్ర వంతెన తెరిచిన రోజు రిబ్బను పక్కనే నిలబడ్డానని నలభై ఏళ్ళు చెప్పుకున్న పెద్దమనిషికి నీలంలో వచ్చింది బిర్యానీ పొట్లాల లైను. వంతెన ఆయన వీపు వెనకాల ఉంది. "నేనప్పుడే అన్నాను కదా, మీరు తిండి కాడే ఉన్నారని" అని ఆయన భార్య అక్కడే పకపకా నవ్వింది.

ఇందుమతి విషయంలో నవ్వు లేదు.

ఇందుమతి చంద్రుడి మీద పుట్టిన మొదటి మనిషి. ముప్ఫై మూడేళ్ళ కిందట, తొలిమజిలీ అనే చంద్రస్థావరంలో. తల్లి పేరు మాణిక్యం. అక్కడ నీటిపంపులు బాగుచేసే మెకానిక్. ఆ పురుడు చూడటానికి తొమ్మిదిమంది ప్రముఖుల్ని పిలిచి అద్దం అవతల కూర్చోబెట్టారు. స్థావరం గవర్నరు, హిమాలయాలు ఎక్కిన ఒకావిడ, ఒక పెద్ద గాయకుడు, ఇంకా అలాంటి వాళ్ళు. పురుడు చూపించడం మర్యాద కాదని కెమెరాని బిడ్డ ఉయ్యాల మీదే ఉంచారు. అందుకని మాణిక్యం ఆనాటి ఒక్క బొమ్మలోనూ లేదు. లోకమంతా బిడ్డ ఏడుపు విన్నది. తర్వాత, "తల్లీబిడ్డా క్షేమం" అని భూమికి చెప్పిన గొంతు విన్నది. అదే రోజు లోపల రక్తస్రావమై మాణిక్యం పోయింది.

తొమ్మిదిమందీ విచారణలో ఒకే మాట చెప్పారు. బిడ్డ పుట్టాక మాణిక్యం నవ్వుతూ, హాయిగా ఉందని. డాక్టర్లిద్దరూ అలాగే చెప్పారు. అందుచేత ఆమెకి ముందునుంచే నొప్పి ఉండి ఉంటుందనీ, మొదటి తల్లి అన్న పేరు పోతుందేమోనని దాచుకుందనీ నివేదిక రాశారు. ఇందుమతిని రెండేళ్ళప్పుడు భూమికి దించారు. బొబ్బిలిలో పెద్దమ్మ పెంచింది. చంద్రుడి మీద మొదలైన ఎముకలు కదా, ఇప్పటికీ చేతికర్ర లేకుండా నడవలేదు. పేరు కోసం ప్రాణం తీసుకున్న తల్లికి కూతురివని బళ్ళో పిల్లలు అనేవారట.

ఆమె కోరింది ఒకటే. ఆ నవ్వు ఒకసారి చూడాలి. తన తల్లి తనని చూసి నవ్విన ముఖం లోకంలో ఎక్కడా లేదు, ఆ తొమ్మిదిమంది తలల్లో తప్ప. అందులో బతికి ఉన్నది నలుగురు. గత రెండు నెలల్లో గవర్నరు, పర్వతాలెక్కినావిడ, గాయకుడు వచ్చి వెళ్ళారు. ముగ్గురిలోనూ మాణిక్యం నవ్వు పసుపుగానే వచ్చింది. అంటే వాళ్ళు విన్నది, చూసింది కాదు.

ఆ రోజు నాలుగో మనిషి వచ్చాడు. భుజంగరావు గారు. ఒకప్పుడు రోజూ వార్తలు చదివినాయన. ఎనభై నాలుగేళ్ళు. "తల్లీబిడ్డా క్షేమం" అన్న గొంతు ఆయనదే.

"మీ గొంతు వింటే గాని మా ఇంట్లో పొద్దున్న కాఫీ దిగేది కాదండీ" అన్నారు సన్యాసిరావు గారు, కుర్చీ సర్దుతూ.

"ఇప్పుడు ఆ గొంతుకి కాఫీయే దిగటం లేదు. అమ్మాయ్, కళ్ళు మూసుకోవాలా?"

"మీ ఇష్టమండి. మూసుకుంటే నిద్దరొస్తాది, అంతే" అంది నూకరత్నం టోపీ బిగిస్తూ.

"నాకు తెరిచినా నిద్రేనమ్మా."

ఇందుమతి కర్ర ఒళ్ళో పెట్టుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. "తాతగారూ, మీరు మా అమ్మని చూశారు కదా?" అని అడిగింది.

"చూడకుండా చెబుతానా తల్లీ! దిండుకి ఆనుకుని ఉంది. చెంపకి జుట్టు అంటుకుని ఉంది. నిన్ను చూసి నవ్వింది. నేను చచ్చేదాకా మర్చిపోలేను."

నూకరత్నం యంత్రం నడిపింది. ఆమెకి వెన్ను లాగేస్తోంది. చలిగదిలో వేళ్ళు వణుకుతుంటే మీటలు రెండుసార్లు తప్పు నొక్కింది. మణికట్టు మీద పట్టీ తడుతోంది, అది చాలు.

తెర మీద ఉయ్యాల వచ్చింది. నీలం. బిడ్డ గుప్పిళ్ళు, నీలం. కెమెరా మీద ఎర్రదీపం, భుజంగరావు గారి చేతిలో కాగితం, అదంతా నీలమే. తర్వాత దిండు, చెంప, జుట్టు, నవ్వు వచ్చాయి. చేమంతి పువ్వంత పసుపు.

పసుపంటే ఏమిటో భుజంగరావు గారికి తెలుసు.

"ఇది తప్పు చూపిస్తోంది" అన్నారాయన.

సన్యాసిరావు గారు మెల్లిగా అన్నారు. "మీ చేతిలో కాగితం చదవండి సార్. ఏం రాసుంది?"

కాగితం మీద 'తల్లీబిడ్డా క్షేమం' అని ముందే టైపు చేసి ఉంది.

"బిడ్డ ఏడవగానే చదవమన్నారు" అన్నారు భుజంగరావు గారు. ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది. "అలాగే కదమ్మా అంటాం? ఎవరింట్లో పురుడైనా అదే మాట. మా అమ్మ అనేది, మా అమ్మమ్మ అనేది. బిడ్డ ఏడ్చింది, నేను చదివాను. చూసి చెప్పాననుకున్నాను ఇన్నాళ్ళూ. చెప్పాక చూసినట్టయిందా నాకు?"

మిగతా ఎనిమిదిమందీ ఆ మాట పక్కనే కూర్చుని విన్నారు. ఉయ్యాల మీద వంగిన డాక్టర్లూ విన్నారు. తల్లి క్షేమం అని ఒకసారి చెవిన పడ్డాక ఎవరి బుర్రలో వాళ్ళు ఒక నవ్వు గీసుకున్నారు.

ఇందుమతి చాలాసేపు తెరనే చూసింది. తర్వాత, "అమ్మాయ్, పసుపు తీసెయ్. నీలం ఒక్కటీ మొదట్నుంచి వెయ్యి" అంది.

నూకరత్నం వేసింది. ఇందుమతిని ఓదార్చాలనిపించింది. "చూడండి, ఎంత బాగా ఊపిరి తీస్తన్నారో మీరు. నిమిషానికి నలభై నాలుగు. నేను నలుగురివీ లెక్కెట్టేనండి, ఎక్కడా తేడా నేదు" అంది.

"బిడ్డ సంగతి కాదు. ఎడం పక్క అంచున అదేంటి?"

"అదా? ఏదో గుడ్డండి."

"పెద్దది చెయ్యి."

గుడ్డ కాదు. చెయ్యి. మంచం మీంచి లేచింది. వేళ్ళు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి. మెల్లిగా దిగింది. మళ్ళీ లేచింది.

సన్యాసిరావు గారు కుర్చీలోంచి లేచారు. "మిగతా ముగ్గురివీ వెయ్యి రత్నం. ఆ అంచే చూపించు."

నాలుగు తెరల మీద నాలుగు వైపుల నుంచి అదే చెయ్యి. బిడ్డ పుట్టిన నాలుగో నిమిషంలో మొదటిసారి లేచింది. పదిహేనో నిమిషం దాకా లేస్తూనే ఉంది. చంద్రుడి మీద వస్తువు బరువు ఇక్కడి దాంట్లో ఆరో వంతు. భూమ్మీదైతే అంత నీరసపడ్డ మనిషి చెయ్యి ఎత్తలేదు. ఎత్తినా టప్పున పడిపోతుంది, ఆ చప్పుడుకి ఎవరో ఒకరు తిరిగి చూస్తారు. అక్కడ అది తేలికగా లేచి, ఈకలా దిగింది. చూసేవాళ్ళకి పలకరిస్తున్నట్టుంది.

పర్వతాలెక్కినావిడ ఆ సమయంలో కళ్ళు తుడుచుకుంటోంది. గాయకుడు బిడ్డకి ఏ పాట కట్టాలా అని పెదవులు కదుపుతున్నాడు, అద్దంలో ఆయన నీడ కనిపిస్తోంది. గవర్నరు తెరలో ఇంకొకటి ఉంది. మాణిక్యం చెయ్యి మూడోసారి లేచినప్పుడు, కింది నుంచి ఇంకో చెయ్యి, గవర్నరుదే, పైకి లేచింది. ఆయన తల తిప్పకుండానే మాణిక్యానికి తిరిగి చెయ్యి ఊపాడు. ఊపి, బిడ్డనే చూస్తూ ఉన్నాడు.

పదిహేనో నిమిషం తర్వాత ఆ అంచున ఏమీ లేదు.

భుజంగరావు గారు టోపీ తనే తీసేసుకున్నారు. రెండు చేతులూ జోడించి ఇందుమతి వైపు పెట్టారు. ఆమె ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించింది. "వద్దు తాతగారూ. మిమ్మల్ని అనడానికి రాలేదు నేను."

"అనమ్మా. అంటే బాగుండు."

సన్యాసిరావు గారు పాత నివేదిక తీసుకుని రాయడం మొదలుపెట్టారు. అందులో 'దాచుకుంది' అన్న మాట కొట్టేసి, 'పిలిచింది' అని రాశారు. పదకొండు నిమిషాలు పిలిచింది. రాసి కలం పక్కన పెట్టి, "కన్ను దేన్ని చూసిందో చెప్పే యంత్రం చేశాను. తల తిప్పి చూపించే యంత్రం చెయ్యలేకపోయాను" అన్నారు. ఆయన ముఖం బాగా అలిసిపోయి ఉంది.

నూకరత్నం మాత్రం కదలలేదు. గవర్నరు జాడని ఈ రెండు నెలల్లో ఆమె నలభైసార్లు నడిపి ఉంటుంది. గాయకుడిది అంతకన్నా ఎక్కువ. ప్రతిసారీ ఆ చెయ్యి ఆమె ముందే లేచింది. ఆమె బిడ్డ పొట్టనే చూసింది. ఊపిరి లెక్కపెట్టుకుంది.

"నాకూ కనపడనేదండి" అంది ఏడుపు ఆపుకుంటూ. "అద్దం అవతల కూర్చున్నోళ్ళలో నేనూ ఒకదాన్నే. మీకెలా కనపడిందండీ?"

"ఆ బిడ్డని నేనే కదా. నా గురించి నాకు బెంగ లేదు. అందుకని కళ్ళు పక్కకి వెళ్ళాయి." ఇందుమతి కర్ర ఊతంతో లేచి తెర దగ్గరికి వెళ్ళింది. పైకి లేచి ఆగిన ఆ చెయ్యి మీద తన అరచెయ్యి ఆనించింది. వేళ్ళు ఒకే పొడవున్నాయి. ముఖం దొరకలేదు. ఇంక దొరకదు.

తర్వాత వెనక్కి తిరిగి నూకరత్నాన్ని చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"నీ కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"ఏటీ నేదండి."

ఇందుమతి దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది. "ఒళ్ళు కాలిపోతోంది కదే! ఎన్నాళ్ళనుంచి?"

"చంటిదానికి జ్వరం నేదండి. పొద్దున్నే చూసేను."

"నిన్ను అడిగానమ్మా."

రొమ్ము రాయిలా గట్టిపడి నాలుగు రోజులైంది. చలి అనుకుంది. ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. బిడ్డని ఎత్తుకుంటున్నారు, బుగ్గ గిల్లుతున్నారు, ఎవరి పోలికో చెప్పుకుంటున్నారు, వెళుతున్నారు. అదే చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. సన్యాసిరావు గారు నెలల తరబడి రోజూ పక్కనే నిలబడిన మనిషి. ఆయనకీ ఇది కనపడలేదు. వెంటనే ఫోను తీసి ఆసుపత్రికి చేశారు. ఇందుమతి కిందికి వెళ్ళి, కర్ర చంకన పెట్టుకుని, ఎలా తెచ్చిందో గాని బిడ్డని తెచ్చింది. తెచ్చి భుజంగరావు గారి ఒళ్ళో పెట్టి, తను నూకరత్నం పక్కన కూర్చుంది.

ఈ కథ చదివినవాళ్ళు ఒక్క పని చెయ్యండి. మీకు తెలిసిన ఇంట్లో ఈమధ్య పురుడు జరిగిందేమో గుర్తు చేసుకుని, ఒకసారి వెళ్ళండి. బిడ్డని ఎత్తుకునేవాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు. మీరు వాళ్ళని దాటుకుని మంచం దాకా వెళ్ళి, బాలింత ముఖం చూడండి. నుదుటి మీద చెయ్యి వేసి చూడండి. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది. గదిలో ఎవరూ లేనప్పుడు ఇంకోసారి అడగండి.