ఒకేసారి మూడు గిన్నెలు

మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. పెరట్లో రెండు చాపల మీద మామిడితాండ్ర ఎండుతోంది. భవాని కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. వేసవి సెలవుల్లో ఆ పని తనదే.

పెద్ద చాప నాన్నమ్మ గురమ్మది. చిన్నది అమ్మ శైలజది. నాన్నమ్మ తాండ్ర పన్నెండు పొరలైంది. అమ్మది తొమ్మిదే.

అమ్మకి ఒంట్లో బాగుండటం లేదు. జ్వరం కాదు, దెబ్బ కాదు. ఆరు నెలలుగా మంచం దిగడమే ఆమెకు పెద్ద కష్టంగా ఉంటోంది. నాన్న ఆటోలో కోట టౌనులో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసింది.

"ఇది డిప్రెషన్ అనే జబ్బు. బద్ధకం కాదు, ఎవరి తప్పూ కాదు" అంది.

మాత్రలు రాసిచ్చింది. ఇంకో మాట కూడా చెప్పింది. రోజూ ఒకే వేళకి లేవాలి. మొహం కడుక్కోవాలి. తన చేత్తో ఒక్క చిన్న పని చెయ్యాలి.

అమ్మ తాండ్ర పని ఎంచుకుంది. పొద్దున్న ఏడింటికి నాన్నమ్మ రసం పిండి, బెల్లం కలిపి, గుడ్డలో వడకట్టి ఉంచుతుంది. అమ్మ వచ్చి ఒక్క గిన్నెడు చాప మీద పోసి, అరచేత్తో పల్చగా పరుస్తుంది. రోజుకి ఒక్క పొర. అది ఎండాక మర్నాడు ఇంకొకటి.

తొమ్మిది రోజులు అమ్మ వచ్చింది. తర్వాత మూడు రోజులు లేవలేదు.

గోడ అవతలి నుంచి పక్కింటి అసిరమ్మ తొంగి చూసింది.

"ఏటి గురమ్మా, నీ కోడలి తాండ్ర అప్పడంలాగున్నాదేటి?"

"నీ కోడలి చాప ఏదీ? ముందు అది సూపించు" అంది నాన్నమ్మ.

అసిరమ్మ తల గోడ వెనక్కి పోయింది. నాన్నమ్మ కునుకు తియ్యడానికి లోపలికి వెళ్లింది. భవానికి మాత్రం ఆ అప్పడం మాట గుచ్చుకుంది.

కుండలో పొద్దుటి రసం మిగిలి ఉంది. అమ్మ రానివి మూడు రోజులు. అంటే మూడు గిన్నెలు. భవాని మూడూ ఒకేసారి అమ్మ చాప మీద పోసేసింది. చేత్తో సరిచేసింది. రెండు చాపల మీదా తాండ్ర మందం సమానమైంది. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రానికి పైన ఆరి నిగనిగలాడింది. మర్నాడు అమ్మ లేచింది. తలొంచుకుని వచ్చి, ఒక గిన్నెడు పోసి, పరిచి, లోపలికి వెళ్లిపోయింది. భవాని సంతోషించింది.

ఆ మర్నాడు పెరడంతా పుల్లటి వాసన.

నాన్నమ్మ ఒంగి అమ్మ తాండ్రని వేలితో నొక్కింది. పై పొర చిట్లింది. కింద నుంచి నురగ వచ్చింది.

"పులిసిపోనాది. అడుగు ఆరకండా పోసీసినారు" అంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నానే, అత్తా. మొన్నంతా పడుకున్నాను, నిన్న సరిగ్గా సూసుకోనేదు. నా సెయ్యి పడితే ఏదీ బాగుండదు."

వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు రసం గిన్నె అలాగే ఉండిపోయింది.

భవానిని ఎవరూ ఏమీ అడగలేదు. ఊరుకుంటే ఎప్పటికీ తెలియదు. కానీ అమ్మ రేపు ఏడింటికి లేవదు. ఎల్లుండీ లేవదు. తన చెయ్యే మంచిది కాదనుకుంటూ ఉంటుంది.

భవాని వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"అమ్మా, నువ్వు కాదు. నేను."

"ఏటి నువ్వు?"

"మూడు గిన్నెలు పోసీసినాను. నువ్వు రాని మూడు రోజులకీ."

అమ్మ కదల్లేదు.

"అసిరమ్మ మామ్మ అప్పడం అన్నాది. అందుకే నాన్నమ్మ చాపతో సమానం చేద్దామని..."

అమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

"మూడూ ఒకేసారా?"

"ఊఁ."

"మీ నాన్నమ్మ నిన్ను ఉతికేస్తాదే, గుంటా."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ పెదవి ఒక పక్కకి కొంచెం వంగింది. మళ్లీ మామూలైపోయింది.

"నాను రాని రోజులు అలగే ఉండనీవే. వాటికి నువ్వు పొయ్యకు."

భవాని వెళ్లి నాన్నమ్మకీ చెప్పేసింది. నాన్నమ్మ ఉతకలేదు. "సాప నువ్వే కడుగు" అంది అంతే. పులిసిన తాండ్ర గీకి, బోరు దగ్గర చాప తోమేసరికి భవానికి చేతులు నొప్పెట్టాయి.

మర్నాడు ఏడింటికి ఖాళీ చాప పరిచారు. పక్కన గిన్నెడు రసం. అమ్మ రాలేదు.

ఎనిమిదైంది.

"ఒసే, రసం పాడైపోతాది. నాను పోసీనా?" అంది నాన్నమ్మ.

భవాని గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు నాన్నమ్మా. అది అమ్మది."

లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు మంచం దగ్గర పెట్టింది. "ఎండ వచ్చిందమ్మా" అంది. చెయ్యి పట్టి లాగలేదు. వచ్చి చాప పక్కన కూర్చుంది.

తొమ్మిది దాటాక అమ్మ వచ్చింది. మొహం తడిగా ఉంది. జడ వేసుకోలేదు. కూర్చుని, గిన్నె వంచి, అరచేత్తో పరిచింది. సగం చాపకి రాగానే చెయ్యి ఆగిపోయింది.

"ఇవాల్టికి ఇంతే" అంది.

మిగతా సగం చాప ఖాళీగా ఉంది. గిన్నెలో ఇంకా రసం ఉంది. భవాని చాపని చూసింది, గిన్నెని చూసింది.

గిన్నె ఎత్తి, ఆ రసం గటగటా తాగేసింది.