నడుమున్న కూజా

"ఇది హైబ్రిడ్ కాదు. మామూలు మొక్కే. నేను చూడగానే చెప్పగలను."

రెండేళ్ల కిందట, ఆకు చివరి కూజాలో పురుగుల్ని పట్టి తినే కూజా మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో వాసుదేవ్ పెట్టిన మెసేజ్ అది. గ్రూపులోని పద్మప్రియ, రెండు రకాలు కలిపి పుట్టించిన హైబ్రిడ్లంటూ రాజంపేట నుంచి అతనికి పంపిన మొలకలు అప్పటికి గోరంత కూడా లేవు. ఆ వయసులో ఏ రకం కూజా మొలకైనా ఒకేలా ఉంటుంది. కానీ మనవాడికి గ్రూపులో సార్ అనిపించుకోవడం అలవాటైపోయింది. ఊరుకుంటాడా?

"మీ ఊరి ఎండకు, మీరు కొరియర్లో తెప్పించిన పుప్పొడి దారిలోనే చచ్చుంటుంది. ఇది మీ ఇంట్లోని మగ మొక్క పనే" అని కూడా రాశాడు. గ్రూపంతా నవ్వింది.

అంతకు ముందు ఆమె రోజూ ఫోన్ చేసేది. "ఏం సార్, కల్లూరులో మా పిల్లలు బాగుండారా?" అంటూ, మొలకల పేరు చెప్పి ఇతన్ని పలకరించేది. ఆ రోజు నుంచి ఫోన్ లేదు.

ఈ ఆదివారం పొద్దున వాసుదేవ్ మేడ మీద గాజు తొట్టి మూత తీశాడు. ఆకు చివర కొత్తగా విచ్చుకున్న కూజాకు నడుముంది! తల్లి మొక్క కూజా గొట్టంలా నిలువుగా ఉంటుంది. ఈ సన్నటి నడుము, ఈ ఎర్రటి అంచు పద్మప్రియ పుప్పొడి తెప్పించిన తండ్రి మొక్కవే.

చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూస్తారేమోనని మూత మళ్లీ పెట్టేశాడు. మేడ మీద పావురాలు తప్ప ఎవరూ లేరు. అయినా సిగ్గేసింది. ఫోన్ చేద్దామని ఆమె నంబరు తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

చివరికి సగానికి కోసిన నీళ్ల సీసాలో మొక్క పెట్టుకుని బస్సెక్కాడు. కడపలో బస్సు మారి, ఎండన పడి రాజంపేట చేరాడు.

తలుపు తీసింది పద్మప్రియ అవ్వ నాగలక్ష్మమ్మ.

"ఎవురు నాయనా?"

"కల్లూరు నుంచి వచ్చినా అవ్వా. వాసుదేవ్."

"ఓ, మా పిల్లను ఏడిపిచ్చిన సారువా! ఎండన పడి వచ్చినావు, రా, మజ్జిగ తాగుదువు."

తిట్టి పంపినా బాగుండేదనుకున్నాడు. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాడు.

పద్మప్రియ వచ్చింది. వాసుదేవ్ లేచి నిలబడి, తల వంచుకునే సీసా చాపాడు.

"నాదే తప్పు. మీరు చెప్పిన హైబ్రిడ్డే ఇది. ఏమీ తెలీకుండానే నోరు పారేసుకున్నా."

ఆమె మొక్కను చూసింది. కాస్త కూడా ఆశ్చర్యపోలేదు.

"ఇట్ల రాండి."

పెరటి వసారాలో తడి గోనెసంచులు పరదాల్లా వేలాడుతున్నాయి. వాటి వెనక వరసగా ఆమె దగ్గరుంచుకున్న మొలకలు. అన్నింటికీ నడుములే.

"ఇవి ఎప్పుడు..."

"ఉగాదికే తెలిసిపాయ."

"మరి గ్రూపులో పెట్టలేదేం?"

"పెడితే మీరు అందరి ముందర తలెత్తుకోలేరు గదా. ఆ సిగ్గు ఎట్టుంటాదో నాకు తెలుసు."

ఆమె మామూలుగానే అన్నది. వాసుదేవ్‌కు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. వెంటనే ఫోన్ తీసి గ్రూపులో టైపు చేయసాగాడు.

"ఏం చేస్తాండారు?"

చదివి వినిపించాడు. "రెండేళ్ల కిందట పద్మప్రియ గారి మొక్కల మీద నేను రాసింది తప్పు. అంతా తెలిసినట్టు మాట్లాడి ఆమెను అవమానించాను. క్షమించమని ఆమె ఇంటికే వచ్చి అడుగుతున్నాను."

పంపేశాడు. ఫోన్ టింగు టింగుమని మోగడం మొదలైంది.

"నవ్వుతాండారా?"

"శానా మంది."

"నవ్వనీండి" అని ఆమె కూడా నవ్వింది.

రేకుల మీద టపటపా చినుకులు పడ్డాయి.

"అయ్యో, బిందెలు!" ఆమె పరుగెత్తింది. బోరునీళ్ల ఉప్పుకు ఈ మొక్కలు బతకవు, వాననీళ్లే కావాలి. ఇద్దరూ వంటింట్లో దొరికిందల్లా చూరు కింద పెట్టారు.

"పప్పుగిన్నె కూడా ఎత్తుకపోతిరా!" లోపలి నుంచి అవ్వ కేక.

తడిసిన వాసుదేవ్ పప్పుగిన్నె పట్టుకునే అన్నాడు. "పద్మప్రియా, మీ ఫోన్ రాక నాకు ఏ మొక్క మీదా మనసు నిలవలేదు. మీరంటే నాకు శానా ఇష్టం."

ఆమె గిన్నె అందుకుంది.

"అది గుర్తుపట్టేదానికి రెండేళ్లు పట్టిందా సార్? చూడగానే చెప్పగలనంటిరే!"